ఆకలిని అణచు మందులు - లాభమెంత? ముప్పెంత?

ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మన పెద్దల మాట. ఆకలి ఎంత బలమైనదో చెప్పుటకు ఈ ఒక్క సామెత చాలును. తిండి చాలని కాలములలో మానవజాతిని శ్రమకు పురికొల్పి బ్రతికించినది ఈ ఆకలియే. కొరత లేక తిండి దొరకు ఇండ్లలో నేడు అదే ఆకలి కొందరికి భారమైనది. కూర్చుండి చేయు పనులు పెరిగినవి, నడక తగ్గినది, నూనె, చక్కెరల వాడుక హెచ్చినది. శరీరము స్థూలించినకొలది మధుమేహము, రక్తపుపోటు, మోకాళ్ల నొప్పులు దరిచేరుచున్నవి. ఇట్టి స్థితిలో, నోరు కట్టుకొనుటకు బదులుగా ఆకలినే కట్టివేయు మాత్ర యొకటి యున్న బాగుండునని తోచుట సహజము.

అట్టి మాత్రలు లేకపోలేదు. 80 ఏండ్లకు పైగా అవి వాడుకలో నున్నవి. వానిలో అధికభాగము ఉత్తేజక జాతికి చెందినవి. అవి ఆకలిని ఏ విధముగా అణచును? అణచునపుడు శరీరములో మరి యేమేమి జరుగును? వానిలో కొన్ని ఏ కారణమున వాడుకనుండి తొలగింపబడినవి? ఈ మూడు విషయములను తెలిసికొన్నచో, మాత్రను చేతికి తీసికొనుటకు ముందు ఏమి ఆలోచింపవలెనో మనకే బోధపడును.

భయము కలిగినపుడు ఆకలి యుండదు. ఇది అందరి అనుభవములోని విషయమే. పరీక్షనాటి ఉదయమున పిల్లవానికి ఇడ్లీ గొంతు దిగదు. ఇంట ఎవరికైన హఠాత్తుగా జబ్బు చేసినచో వండిన అన్నము వండినట్లే యుండును; తినవలెనను తలంపు ఎవరికిని రాదు. దీనికి కారణమేమి? ఆపద ఎదురైనపుడు మన నాడుల కొనలనుండి నార్‌అడ్రినలిన్ అను రసాయనము వెలువడును. మూత్రపిండముల పైనుండు అడ్రినల్ గ్రంథులు దాని తోబుట్టువైన అడ్రినలిన్‌ను రక్తములోనికి వదలును. వెంటనే గుండె వేగముగా కొట్టుకొనును. రక్తనాళములు కుంచించుకొని రక్తపుపోటు హెచ్చును. నోరు ఎండును. నిద్ర తొలగును. ప్రేవుల కదలిక మందగించును. పారిపోవుటకో, పోరాడుటకో సిద్ధమగు శరీరమునకు ఆ క్షణమున భోజనముతో పనిలేదు. కనుక మెదడులో హైపోథాలమస్ అను భాగమునందు ఆకలిని పుట్టించు ఏర్పాటు ఊరకుండును.

ఉత్తేజక జాతికి చెందిన ఆకలి మందులు చేయు పని సరిగా ఇదియే. ఆపద లేకయే, ఆపదవేళ వెలువడు రసాయనములను అవి నాడుల కొనలనుండి అధికముగా విడుదల చేయించును. లేక, ఒకసారి వెలువడిన రసాయనము తిరిగి లోనికి పోకుండ అడ్డుకొనును. అప్పుడు మెదడు ఆకలిని మరచును. అయితే ఆ రసాయనము మెదడునకు మాత్రమే చెందినది కాదు. గుండెకును, రక్తనాళములకును అదే ఆజ్ఞ అందును. ఇంట నొక గదిలో దీపము వెలిగింప బోయి మీట నొక్కగా, ఇల్లంతటను దీపములు వెలిగినట్లు ఇది జరుగును. ఆకలిని మాత్రమే అణచి గుండెను తాకకుండు మందుకొరకు శాస్త్రజ్ఞులు పలువిధముల వెదకిరి. ఈ మందుల చరిత్ర చాలవరకు ఆ వెదకులాట చరిత్రయే.

వీనిలో మొదటిది ఆంఫెటమిన్. దీనిని 1887లో బెర్లిను నగరమున లజార్ ఎడెలెయాను అను రుమేనియా దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు తయారుచేసెను. దాని గుణము తెలియనందున నలుబది ఏండ్లు అది మూలపడియుండెను. 1929లో గార్డన్ ఆల్స్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, ఉబ్బసమునకు వాడుచుండిన ఎఫిడ్రిన్‌కు బదులు మందును వెదకుచు, ఆంఫెటమిన్‌ను తన శరీరముపైననే పరీక్షించుకొనెను. 1930ల తొలినాళ్లలో అది బెంజెడ్రిన్ అను పేరుతో ముక్కుదిబ్బడకు పీల్చు మందుగా అంగళ్లకు వచ్చెను. పిదప, పట్టపగలు ఆపుకొనలేక నిద్రలోనికి జారిపోవు జబ్బునకు దానిని మాత్రలుగా నిచ్చిరి. ఆ మాత్రలు పుచ్చుకొన్నవారికి తిండిపై ధ్యాస తగ్గి, బరువు తగ్గుచున్నట్లు వైద్యులు గమనించిరి. నిద్రమత్తు వదలించు మందు ఈ విధముగా ఆకలి మందైనది. రెండవ ప్రపంచ యుద్ధమున పలుదేశముల సైనికులకు అలసట తెలియకుండుటకు ఇదే మందు నిచ్చిరి. యుద్ధానంతరము, 1950లలోను 1960లలోను, అమెరికా, బ్రిటన్ దేశములలో సన్నబడగోరు స్త్రీలు దీనిని విరివిగా వాడిరి.

వాడుక పెరిగినకొలది రెండు సంగతులు బయటపడినవి. మొదటిది, శరీరము ఈ మందునకు అలవాటు పడును. తొలి వారములలో ఆకలిని బాగుగా అణచిన మోతాదు కొన్ని వారములకు చాలకపోవును. మోతాదు పెంచినచో కొన్నాళ్లు ఫలితము కనబడును. మరల అదే కథ. రెండవది, మనస్సు దానికి బానిస యగును. మందు పనిచేయునంతసేపు ఉత్సాహము, చురుకుదనము. దిగిపోవునపుడు నిస్సత్తువ, చికాకు, విచారము, వానితో కూడ రెట్టింపు ఆకలి. ఆ విచారము పోవుటకు మరల మాత్ర. అధిక మోతాదులలో మతిభ్రమణము కూడ కలుగుట కద్దు. 1958లో ఫిలిప్ కానెల్ అను బ్రిటిషు మనోవైద్యుడు ఆంఫెటమిన్ వలన మతి చలించిన 42 మంది రోగుల చరిత్రలను గ్రంథముగా ప్రకటించెను. ఎవరో తమను వెంటాడుచున్నారని, కీడు తలపెట్టుచున్నారని అట్టి రోగులు భయభ్రాంతులగుదురు. మందు మానగా పెక్కుమందికి ఆ భ్రమ తొలగిపోవును. అనగా మాత్ర కల్పించిన లేని ఆపదను మనస్సు నిజమని నమ్మినదన్నమాట.

ఆ రోజులలోనే అమెరికాలో మరియొక విపరీతము ప్రబలెను. సన్నబరచుటయే వృత్తిగా పెట్టుకొన్న కొన్ని వైద్యశాలలు రంగురంగుల మాత్రలను సంచులలో పోసి అమ్మసాగెను. వానిలో ఆంఫెటమిన్ జాతి మందు, థైరాయిడు మందు, మూత్రము అధికముగా వెడలించునది, విరేచనకారి, గుండెజబ్బుల వారికిచ్చు డిజిటాలిస్, ఉత్తేజకము వలన కలుగు కలతను అణచుటకు నిద్రమందు కలిసియుండెడివి. ఒక మందు చేసిన చెరుపును కప్పిపుచ్చుటకు మరియొకటి. మూత్రముతో పొటాసియము అను లవణము పోగా, అట్టి స్థితిలో డిజిటాలిస్ గుండె లయను మరింత చెడగొట్టును. మరణములు సంభవించిన పిమ్మట 1968లో అమెరికా సెనేటు సంఘమొకటి దీనిపై విచారణ జరిపెను. 1971లో వియన్నా నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒప్పందము ఆంఫెటమిన్ జాతి మందులను కట్టుదిట్టమైన అదుపులోనికి తెచ్చెను. మన దేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రిందికి ఆంఫెటమిన్ వచ్చును.

ఈలోగా రసాయన శాస్త్రజ్ఞులు ఆంఫెటమిన్ అణువులో మార్పులు చేసి, మత్తు తక్కువగా నుండునట్టి మందులను తయారుచేయుచుండిరి. వానిలో ముఖ్యమైనది ఫెంటర్మిన్. 1959లో అమెరికాలో దీనికి అనుమతి లభించెను. నేటికిని అచ్చట వైద్యుని చీటీపై ఇది వాడుకలో నున్నది. ఆంఫెటమిన్‌తో పోల్చినచో ఇది మనస్సును బానిసగా చేయుట తక్కువ. కాని పనిచేయు మార్గము మాత్రము అదియే. నార్‌అడ్రినలిన్ ద్వారానే ఆకలిని అణచును. కనుక నోరెండుట, నిద్రపట్టకుండుట, మలబద్ధకము, గుండెదడ, తలనొప్పి, చికాకు, రక్తపుపోటు హెచ్చుట అను లక్షణములు దీనితోను కలుగును. దీనిని ఆహార నియమముతోను వ్యాయామముతోను జతపరచి కొద్ది వారములు మాత్రమే వాడవలెనని అమెరికాలో మందుతోపాటు ఇచ్చు సూచనాపత్రము చెప్పుచున్నది. గుండెజబ్బు గలవారు, థైరాయిడు గ్రంథి అతిగా పనిచేయువారు, నీటికాసులు అను కంటిజబ్బు గలవారు, గర్భిణులు, బాలింతలు, పూర్వము మత్తుమందులకు అలవాటు పడినవారు దీనిని ముట్టరాదు. మానసిక వ్యాధులకిచ్చు కొన్ని మందులతో ఇది కలిసినచో రక్తపుపోటు ప్రమాదకరముగా పెరుగును.

ఇంతకును లాభమెంత? మందు లేని ఉత్తుత్తి మాత్ర పుచ్చుకొన్నవారితో పోల్చి చూచిన పరిశోధనలను కూడి లెక్కింపగా, ఫెంటర్మిన్ పుచ్చుకొన్నవారు సుమారు ఆరునెలలలో సగటున మూడున్నర కిలోలు అదనముగా తగ్గినట్లు తేలినది. ఇది పనికిరాని ఫలితమని కొట్టివేయరాదు. అతిస్థూలకాయముతో మధుమేహము ముదిరిన రోగికి తొలి ప్రోత్సాహముగా వైద్యుడు దీనిని ఎన్నుకొనవచ్చును. కాని ప్రకటనలలో కనబడు అద్భుతములు మాత్రము ఇందులేవు. మాత్ర మానిన పిదప ఆకలి మరల వచ్చును. తినుటలో, నడచుటలో అలవాట్లు మారకున్నచో పోయిన బరువు కూడ దాని వెనుకనే వచ్చును.

ఆంఫెటమిన్ మార్గము విడిచి వేరు దారులు పట్టిన మందులు గుండెను తప్పించుకొనగలిగెనా? మూడు ఉదాహరణములు చూతము. 1965లో స్విట్జర్లండు, ఆస్ట్రియా, పశ్చిమ జర్మనీ దేశములలో అమినోరెక్స్ అను క్రొత్త ఆకలి మందు ప్రవేశించెను. రెండేండ్లు గడువకముందే, ఊపిరితిత్తులకు రక్తము కొనిపోవు ధమనులలో పోటు పెరిగి ఆయాసముతో వచ్చు రోగుల సంఖ్య ఆ దేశములలో అకస్మాత్తుగా హెచ్చెను. ఆ ధమనులు కుంచించుకొనుటచే గుండె కుడిభాగము అలసిపోవును. ఆ రోజులలో దానికి సరియైన చికిత్స లేకుండెను. 1968లో ఆ మందును ఉపసంహరించిరి.

రెండవది ఫెన్‌ఫ్లూరమిన్. ఇది ఉత్తేజకము కాదు. సెరొటోనిన్ అను వేరొక రసాయనము ద్వారా కడుపు నిండిన భావమును కలిగించును. అమెరికాలో దీనికి 1973లో అనుమతి వచ్చెను. ఇది కొంత మగతను, ఫెంటర్మిన్ కొంత చురుకుదనమును ఇచ్చును గనుక, రెండింటిని కలిపినచో ఒకదాని దోషమును మరియొకటి సరిదిద్దునని తలచిరి. 1992లో వెలువడిన పరిశోధనా ఫలితముల తరువాత ఈ జంట మందునకు గొప్ప గిరాకి యేర్పడెను. 1997 జూలైలో అమెరికాలోని మేయో వైద్యాలయపు వైద్యులు ఈ జంట మందు వాడిన 24 మంది స్త్రీలలో గుండె కవాటములు దళసరియై సరిగా మూసికొనకుండుటను వెల్లడించిరి. అదే ఏడు సెప్టెంబరులో ఫెన్‌ఫ్లూరమిన్‌ను, దాని తోటిదియగు డెక్స్‌ఫెన్‌ఫ్లూరమిన్‌ను అంగళ్లనుండి తొలగించిరి. కవాటముల కణములపైనున్న సెరొటోనిన్ గ్రాహకములను ఈ మందు ప్రేరేపించుటయే ఆ దళసరికి కారణమని తరువాత స్పష్టపడెను. ఫెంటర్మిన్ మాత్రము వాడుకలో నిలిచెను. శరీరములో ఇదే జాతి పదార్థముగా మారు బెన్‌ఫ్లూరెక్స్ అను మందు ఫ్రాన్సులో 1976 నుండి 2009 వరకు, మరి పండ్రెండేండ్లు అధికముగా, అమ్ముడుపోయెను. బ్రెస్ట్ నగరమునందలి ఇరెన్ ఫ్రషాన్ అను వైద్యురాలు పట్టుదలతో రోగుల వివరములను సేకరించి దాని ముప్పును లోకమునకు చాటెను.

మూడవది మన దేశమునకును సంబంధించినది. దాని పేరు సిబుట్రమిన్. 1997లో అమెరికాలో అనుమతి పొంది, పలుదేశములలో వ్యాపించెను. ఇది నార్‌అడ్రినలిన్, సెరొటోనిన్ రెండింటిని నాడులలోనికి తిరిగి పోనీయక ఆపును. బరువు తగ్గుట నిజమే. కాని దానివలన గుండెకు మేలు కలుగుచున్నదా యని తేల్చుటకు, గుండెజబ్బో మధుమేహమో గల సుమారు 9,800 మందిపై మూడేండ్లకు పైగా పరీక్ష జరిపిరి. ఉత్తుత్తి మాత్ర పుచ్చుకొన్నవారిలో నూటికి 10 మందికి గుండెపోటు, పక్షవాతము వంటి ఆపదలు కలుగగా, సిబుట్రమిన్ పుచ్చుకొన్నవారిలో నూటికి 11.4 మందికి కలిగెను. బరువు తగ్గినది, ఆపద మాత్రము పెరిగినది. 2010లో ఐరోపాలోను అమెరికాలోను దానిని తొలగించిరి. మన ప్రభుత్వము 2011 ఫిబ్రవరిలో దాని తయారీని, అమ్మకమును నిషేధించెను.

ఈ పరీక్ష ఫలితమును మనము జ్ఞాపకముంచుకొనవలెను. తూకపు ముల్లు తగ్గుట వేరు, ఆరోగ్యము బాగుపడుట వేరు. మనము బరువు తగ్గగోరునది గుండెకొరకు, ప్రాణముకొరకు. గుండెను అలయజేసి తగ్గించిన కిలోలవలన మనకు ఒరుగునదేమి?

నిషేధముతో కథ ముగిసినదా? లేదు. అంగడినుండి వెళ్లగొట్టిన సిబుట్రమిన్, మూలికల మందుల వేషముతో మరల వచ్చినది. కేవలము ఆకులు, వేళ్లు అని పైన వ్రాసిన సన్నబడు గుళికలలోను, కాఫీపొడులలోను, టీపొట్లములలోను సిబుట్రమిన్ కలిసియున్నట్లు పలుదేశముల ఔషధ పరీక్షాశాలలు మాటిమాటికి కనుగొనుచున్నవి. ఇందలి అపాయము అసలు మందుకంటె ఎక్కువ. మాత్ర పేరు తెలిసినచో వైద్యుడు రోగి రక్తపుపోటు చూచి వలదనును. పేరు దాచిన పొడిని రక్తపుపోటు గల గృహిణి పాలలో కలిపి త్రాగును. ఆమెకుగాని, ఆమె వైద్యునకుగాని అందలి సంగతి తెలియదు.

మూలికయైనంత మాత్రమున హానిలేదనుటయు పొరపాటే. చీనావారు మాహువాంగ్ అని పిలుచు ఎఫిడ్రా మొక్కయందు ఎఫిడ్రిన్ అను ఉత్తేజకము సహజముగానే కలదు. 1885లో జపాను శాస్త్రజ్ఞుడు నగాయి నగయోషి దానిని వేరుచేసెను. ఆ మూలికతో చేసిన సన్నబడు పదార్థములు గుండెపోటునకు, పక్షవాతమునకు దారితీయుచున్నవని 2004లో అమెరికా ప్రభుత్వము వానిని నిషేధించెను.

మన ఇండ్లలో ఈ ప్రశ్న తరచుగా వివాహ సమయమున తలయెత్తును. పెండ్లి నిశ్చయమైన పిల్ల రెండునెలలలో సన్నబడవలెనని ఇరుగుపొరుగువారు తొందరపెట్టుదురు. చేతిఫోనులో ప్రకటన కనబడును. గుళికల సీసా ఇంటికే వచ్చును. మందు మాట యెత్తుటకు ముందు ఆ పిల్లకు నిజముగా అధిక బరువున్నదా యని చూడవలెను. బరువును కిలోలలో తీసికొని, ఎత్తును మీటర్లలో తీసికొని రెండుసార్లు భాగించినచో వచ్చు సంఖ్య 25 దాటినపుడు స్థూలకాయమని మన దేశపు వైద్యనిపుణులు నిర్ణయించిరి. 160 సెంటీమీటర్ల ఎత్తుగలవారికి ఆ హద్దు 64 కిలోలు. అదే ఎత్తున 57 కిలోలున్న పిల్ల ఆరోగ్యవంతురాలు. ఆమెకు ఏ మందును అక్కరలేదు. ఆరోగ్యముగా నున్న గుండెకు రెండునెలలపాటు లేని భయమును నూరిపోయుట ఏ ముచ్చటకొరకు?

నిజముగా స్థూలకాయము గలవారు వైద్యుని ఆశ్రయించుటకు సంకోచింపరాదు. స్థూలకాయము తప్పు కాదు, జబ్బు. అయితే ఏ మందైనను పుచ్చుకొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేయవలెను. ఈ మందు అసలు పేరేమి? నా గుండెకు, రక్తపుపోటునకు, నేను వాడుచున్న ఇతర మందులకు ఇది సరిపడునా? ఎంతకాలము వాడి ఎప్పుడు మానవలెను? ఈ మూడింటికిని సూటియైన జవాబు రాని మందును ఇంటికి తేరాదు. ప్రేవులలో పుట్టు హార్మోనుల ననుకరించు సూదిమందులు ఈ మధ్య వాడుకలోనికి వచ్చినవి. అవి ఉత్తేజక జాతివి కావు. వాని మంచిచెడ్డలు వేరు. కాని ఆ మూడు ప్రశ్నలు వానికిని వర్తించును.

సన్నబడు మందు ఏదైన వాడుచున్నవారికి రొమ్మునొప్పి, ఎన్నడులేని ఆయాసము, స్పృహ తప్పుట, భరింపరాని తలనొప్పి, ఒకవైపు కాలుసేతులు పట్టు తప్పుట, మాట తడబడుట కనబడినచో క్షణము ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మందు సీసాను, పొట్లమును కూడ వెంట కొనిపోవలెను. ఇంట ఎవరైన ఇట్టి పొడులను రహస్యముగా వాడుచున్నట్లు తెలిసినచో కోపపడక, సిగ్గుపరుపక, వైద్యునితో చెప్పించుట పెద్దల ధర్మము.

ఆకలి మన శత్రువు కాదు. అది శరీరము పంపు కబురు. కబురు తెచ్చినవాని నోరు మూయించుటకంటె, ఆ కబురును విని తగుపాటి జవాబిచ్చుట మేలు. పళ్లెములో అన్నము ఒక ముద్ద తగ్గించి, కూరగాయలు, పప్పు ఒక గరిటె పెంచి, నిత్యము అరగంట చురుకుగా నడచినచో ఫలితము నెమ్మదిగా వచ్చును. నెమ్మదిగా వచ్చిన ఆ ఫలితము కొరకు గుండె ఎవరికిని అప్పు తీర్చవలసిన పనిలేదు.